మడమకు నొప్పిగా ఉందట

మా మేనత్త మనుషులతో మాట్లాడదు, మడమలతో మాట్లాడుతుంది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. పేషెంటు రాగానే కాలు బల్లమీద పెట్టించి, ముఖమైనా చూడకుండా మడమ దగ్గరికి వంగి, "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అంటుంది.

"పట్టింది డాక్టరమ్మా," అంటాడు పాపం ఆ పేషెంటు.

"నిన్నడగలేదయ్యా, దాన్నడిగాను. దాని సంగతి నువ్వు చెప్పు."

"దానికీ... పట్టిందట."

ఆ 'ట' వచ్చిందంటే వైద్యం మొదలైనట్టే. అసలు ఆ క్లినిక్కులో ఎవరికీ నొప్పి ఉండదు, అందరి మడమలకూ నొప్పిగా ఉంటుందట! "మా దానికి మెట్లు పడవట." "మీది నయమండీ, మా దానికి చెప్పులే పడవట." మొదటిసారి వరండాలో కూర్చుని విన్నప్పుడు, వీళ్లంతా కోడళ్లమీద చాడీలు చెప్పుకుంటున్నారనుకున్నాను.

ముఖాలు ఆవిడకి ఛస్తే గుర్తుండవు. బజార్లో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తుంది. "చెప్పు విప్పు!" అంటుంది. నడిబజార్లో ఆ పెద్దమనిషి చెప్పు విప్పగానే, "ఓహో, నువ్వటయ్యా! పగుళ్లు తగ్గాయే!" అని పొంగిపోతుంది.

అలాంటి మనిషి చేతికి మా నాన్న చిక్కాడు. నాన్న పోస్ట్‌మాన్. మడమ నొప్పికి రెండు నెలలు సెలవిచ్చారు. సెలవయ్యాక సంచీ భుజాన వేసుకుని, పై అధికారి చూస్తుండగా తన వీధులన్నీ తిరిగి చూపించాలి. తిరగలేకపోతే లోపల కూర్చుని ఉత్తరాలు వేరుచేసుకోవాలి. ఆ మాట వింటేనే నాన్నకి ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా నొప్పని ఒప్పుకుంటే ఒట్టు! అమ్మ అడిగితే, "నాకేం? గుండ్రాయిలా ఉన్నాను," అంటూ గోడ పట్టుకుని నడిచేవాడు.

అత్తయ్య ఆయన మడమ ముందు వంగింది. "మా అన్నయ్య గుండ్రాయట. నువ్వు చెప్పు తల్లీ, పొద్దున్నే మంచం దిగితే ఎలా ఉంటోంది?"

నాన్న కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "దానికి... మేకు దిగినట్టుంటుందట."

"ఇంకా?"

"మళ్లీ వీధుల్లోకి వెళ్లలేనేమోనని భయంగా ఉందట."

మా నాన్న నోట 'భయం' అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు!

"నేనున్నానని చెప్పు దానికి," అంది అత్తయ్య.

ఇక మా ఇల్లు సర్కస్సే. గడ్డకట్టిన నీళ్లసీసాను అరికాలి కింద దొర్లించడం, నేలమీద తువ్వాలును కాలివేళ్లతో లాక్కోవడం, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం. "ఏమండీ, ఇల్లు జరుపుతున్నారా?" అన్నాడు పక్కింటాయన. "ఔనండీ, మీ వైపే!" అన్నాడు నాన్న.

"అత్తయ్యా, మడమలతో ఈ కబుర్లేంటి?" అని ఓ రోజు అడిగేశాను.

"ఎలా ఉన్నావని ఎవర్నైనా అడిగి చూడు, బాగున్నానంటారు. మడమ ఎలా ఉందని అడిగితే నిజం చెప్తారు. పరువు దానిదేగా పోయేది!" అంది, నా పాదాలకేసి చూస్తూ.

సెలవయ్యింది, నాన్న వీధులు తిరిగి చూపించాల్సిన రోజు రానే వచ్చింది! అత్తయ్య క్లినిక్కుకి తాళం వేసి, నన్ను లాక్కుని, నాన్న వెనకాలే నక్కుతూ బయల్దేరింది. ఒక వీధి అయింది, రెండయ్యాయి. ఎత్తు మెట్ల ఇల్లు వచ్చింది. నాన్న ఎక్కేశాడు, దిగేశాడు కూడా! అత్తయ్య ఆగలేకపోయింది. "శభాష్ తల్లీ! అలా ఆను, గట్టిగా ఆను!" అని దీపస్తంభం చాటునుంచి ఒకటే కేక.

"ఎవరావిడ?" అన్నాడు అధికారి అదిరిపడి.

"మా మడమ తరఫు చుట్టమండీ," అన్నాడు నాన్న.

చివరి ఇంటి డబ్బాలో ఉత్తరం పడింది. అధికారి కాగితం మీద సంతకం పెట్టాడు. నాన్న సంచీ ఊపుకుంటూ మా దగ్గరికి దాదాపు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమంటోంది?" అంటూ అత్తయ్య కిందికి వంగబోయింది. నాన్న ఆవిడ గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"దాని సంగతి తర్వాతే. నాకు... నాకు చాలా సంతోషంగా ఉందే!"

'ట' లేదు!

అత్తయ్య ఆ ముఖాన్ని ఎగాదిగా చూసి, నావైపు తిరిగింది.

"ఎవరో మంచాయనలా ఉన్నాడే. ఓసారి చెప్పు విప్పమను, గుర్తుపడతాను."