నీళ్లు తాగని బొంగు

ఫ్రాస్కీతో కుడిభుజం ఆ ఏడు జనవరిలోనే చెప్పేసింది, ఇక తనవల్ల కాదని. మాలగా నగరానికి తూర్పు కొసన, ఎల్ పాలో ఒడ్డున, ఇసుక నింపిన పాత పడవలో నిప్పులు పేర్చి నలభై ఏళ్లపాటు కవళ్ల చేపలు కాల్చిన భుజం అది. డాక్టరు చేతిని గుడ్డలో వేసి మెడకు కట్టాడు. ఫ్రాస్కీతో ఇంటికొచ్చి ఆ గుడ్డ విప్పి కుర్చీకి తగిలించాడు. గుడ్డ విప్పినంత మాత్రాన చెయ్యి లేవలేదు.

ఆ పడవ ఉన్న ఒడ్డు హోటలు రేమే అనే ఆవిడది. తండ్రి చేతినుంచి ఆమె చేతికి వచ్చింది. మెత్తగా మాట్లాడుతుంది, కానీ అనుకున్నది వాయిదా వెయ్యదు. వంటిల్లు వెనక ఆలివ్ కట్టెలు పేరుస్తున్న బదారా దగ్గరికి వచ్చి నిలబడింది.

"బదారా, ఒక మాట చెప్తాను. మనసులో పెట్టుకోకూడదు."

"చెప్పక్కా."

"ముసలాయన ఇక పడవ దగ్గర నిలబడలేడు. ఆయన లేకపోతే చేపలు గుచ్చడానికి బొంగుపుల్లలు లేవు. అందుకని స్టీలు చువ్వలు తెప్పించాను. మా మరిది చేమా కాలుస్తాడు. నువ్వు ఎప్పట్లాగే కట్టెలు, చేపలు గుచ్చడం చూసుకో."

బదారా చేతిలో కట్టె కింద పెట్టాడు. "పుల్లలు నేను తెస్తే?"

"ఎక్కణ్ణుంచి తెస్తావు? ఆయన ఎక్కడ కోస్తాడో నీకు చూపించాడా?"

బదారా కింద పెట్టిన కట్టెను మళ్లీ అందుకున్నాడు.

"ఎనిమిదేళ్లు పక్కన పెట్టుకుని చూపించనివాడు ఇప్పుడు చూపిస్తాడా? సరే, ఈస్టర్ అయ్యాక వచ్చే ఆదివారం ఈ ఏటికి పడవలో పొయ్యి రాజేస్తాం. ఆ రోజుకి నీ దగ్గర మంచి పుల్లలుంటే పడవ నీది. లేకపోతే చేమాది. తర్వాత నామీద అలగొద్దు."

ఆ మాట న్యాయంగానే ఉంది. కాబట్టి అలగడానికి కూడా వీల్లేకుండా పోయింది.

బదారాది సెనెగల్‌లో సేన్-లూయీ, సముద్రానికీ నదికీ మధ్య ఇరుక్కున్న జాలరిపేట. వాళ్ల తాత పడవలు చెక్కేవాడు. ఈ ఊరొచ్చిన కొత్తలో బదారా ఒడ్డు వెంబడి నల్లకళ్లద్దాలు అమ్మాడు. ఒకరోజు కొండల మీదినుంచి దిగిన వేడిగాలి అతని దుప్పటినీ దాని మీది సరుకునూ ఎత్తి ఫ్రాస్కీతో పడవ పక్కన కుమ్మరించింది. కళ్లద్దాలు ఏరుకుంటున్నవాణ్ణి చూసి ఫ్రాస్కీతో, "అవి తర్వాత ఏరుకుందువు గానీ, ముందు ఆ కట్టె ఇటందుకో. గాలికి నిప్పు లేచిపోతోంది" అన్నాడు. బదారా అందించాడు. ఏ కట్టె కావాలో, ఎటువైపు పెట్టాలో చెప్పించుకోలేదు. మర్నాడు కూడా రమ్మన్నాడు ముసలాయన. అలా మొదలైంది.

పై పేటలో అతనికొక గది ఉంది. కింది వాటాలో పూరీ అనే ఆవిడ ఉంటుంది. శుక్రవారం నమాజుకు వెళ్తాడు, బీరు గ్లాసులు అందిస్తాడు గానీ ముట్టడు. సోమవారాలు హోటలుకి సెలవు, ఎందుకంటే ఆదివారం పడవలు వేటకు పోవు, సోమవారానికి తాజా చేప ఉండదు. ఆ రోజు బదారా తన గదిలో చేపల అన్నం వండుతాడు, ఉన్న చేపతోనే. ఫ్రాస్కీతో మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, ఒకే పళ్లెంలో తన వైపుది తాను తిని, తన కొడుకు గురించి, చచ్చిపోయిన కుక్క గురించి, ఊరి మేయర్ల గురించి చెప్తాడు. బొంగుల గురించి మాత్రం ఒక్క ముక్క రాదు.

కవళ్లు కాల్చడంలో బొంగే సగం పని. స్టీలు చువ్వ తనే కాగి, చేపను లోపలినుంచి ఉడికించేస్తుంది. పైన తోలు బుడగలెక్కేలోపే ముల్లు పక్క కండ పిప్పి అయిపోతుంది. రెల్లుబొంగును చీల్చి, చదునుగా చెక్కి, నీళ్లలో తడిపి, వెన్నుముల్లు కిందుగా గుచ్చితే చేపల బరువు ముల్లే మోస్తుంది. వాటిని గాలి వచ్చే వైపున ఇసుకలో ఏటవాలుగా నాటాలి, పొగ అటు పోవాలి, వేడి ఇటు రావాలి. ఇదంతా బదారాకు తెలుసు. చూసి నేర్చుకున్నాడు. చూడటానికి దొరకనిది ఒక్కటే. ప్రతి జనవరిలో వెన్నెల తరిగే రోజుల్లో ముసలాయన ఒంటరిగా ఎటో వెళ్లి, భుజాన మోపు వేసుకుని తిరిగొచ్చేవాడు. ఎటు వెళ్లాడని బదారా అడగలేదు. వాళ్ల తాత దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని చూసేవాళ్లు. అడిగినవాణ్ణి తాత లేచి వెళ్లిపొమ్మనేవాడు. ఇన్నాళ్లూ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావనేవాడు.

ఇప్పుడు కూడా అడగలేదు. వెన్నెల తరిగేదాకా ఆగి, కత్తి పట్టుకుని ఒక్కడే వాగు వెంట పైకి నడిచాడు. పెద్దరోడ్డు వంతెన కింద, వేసవిలో కూడా చెమ్మ ఆరని చోట, రెల్లు దట్టంగా ఉంది. మనిషికి రెండింతల ఎత్తు, చేతికి నిండుగా లావు, బొంగులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఇంత మంచి బొంగులు ఊరి పక్కనే ఉంటే ఇంకెక్కడికో పోవడం దేనికనుకున్నాడు. రెండు మోపులు కోశాడు.

డాబా మీద పరిచి ఆరబెట్టాడు. చీల్చాడు. సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటే చెక్కాడు. పొట్టు ఎగిరి కింద ఆరేసిన బట్టల మీద పడింది.

"ఓ బదారా!" పూరీ మెట్ల మీదినుంచి అరిచింది. "నా దుప్పట్లకు మీసాలొచ్చాయి! నువ్వేమన్నా కోడిపెట్టలకు గూళ్లు కడుతున్నావా?"

"పుల్లలు చెక్కుతున్నానమ్మా. దులిపి ఇస్తాను."

"దులిపితే పోతుందా అది? మా ఆయన వడ్రంగి. ముప్పై ఏళ్లు నా కూరలో రంపపు పొట్టు తిన్నాను. ఆయన పోయాడు, హాయిగా ఉందనుకుంటే నువ్వు దొరికావు." దుప్పట్లు తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, ఆ ముసలి వడ్రంగి చిత్రిక మెట్టు మీద పెట్టింది. "దీంతో చెక్కు. చప్పుడన్నా తక్కువుంటుంది."

ఆదివారం వచ్చింది. ఎండ బాగా కాసింది. హోటలు బల్లలన్నీ నిండాయి. పడవకు దగ్గరగా ఉన్న బల్ల ఎప్పుడూ గాస్పార్‌ది. వలలు లాగి లాగి నడుం పోగొట్టుకుని, ఇప్పుడు బీరు పట్టుకుని ఒడ్డుకు కాపలా కాస్తుంటాడు. ఫ్రాస్కీతో ఆ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేమా స్టీలు చువ్వలను పెట్టెలోనే ఉంచి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా బదారా, ఇవాళ నీ పెళ్లిచూపులా?" అన్నాడు గాస్పార్. "చొక్కా ఇస్త్రీ చేశావు."

"పొగకు చొక్కా ఏదైతేనేం మామా."

నిప్పు కుదిరింది. మంట చచ్చి, ఎర్రటి నిప్పుల మీద పల్చగా తెల్లబూడిద కమ్ముకుంది. తూర్పుగాలి నెమ్మదిగా, నిలకడగా ఉంది. బదారా మొదటి వరస నాటాడు. తోలు మెరిసింది, కొవ్వు చిటపటమంది, వాసన బల్లల మీదుగా పోయింది. గాస్పార్ గ్లాసు కింద పెట్టాడు.

రెండో వైపు తిప్పాక మొదటి పుల్ల వంగింది. మొక్కజొన్న కంకి బరువుకు కర్ర ఒరిగినట్టు మెల్లగా ఒరిగి, చేపలను తీసుకెళ్లి నిప్పుల్లో పడుకోబెట్టింది. బదారా దాన్ని అందుకునేలోపల పక్కది వంగింది. ఇంకొకటి టప్పున నిలువునా చీలింది. వరస వరసంతా ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోయింది.

"అయ్యయ్యో, చేపలకు మధ్యాహ్నం కునుకొచ్చింది!" అన్నాడు గాస్పార్. బల్లలన్నీ గొల్లుమన్నాయి. నవ్వులో చెడ్డతనం లేదు. అయినా నవ్వు నవ్వే.

చేమా గుమ్మంలోంచి కదిలాడు. పెట్టె తెచ్చి ఇసుకలో పెట్టి మూత తీశాడు. బదారా మాడిన చేపలు ఏరాడు, నిప్పుల మీది కొవ్వు పక్కకు లాగాడు, నిప్పు సరిచేసి, అప్పుడు పక్కకు జరిగాడు. రేమే వంటింటి కిటికీలోంచి చూసి, తల తిప్పుకుని గిన్నెల పనిలో పడింది.

అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఫ్రాస్కీతో ఒక వంగిన పుల్లను ఎడంచేత్తో పట్టుకుని గోటితో గీరుతున్నాడు. కొస కొరికి ఉమ్మేశాడు.

"ఎక్కడ కోశావురా?"

"వాగులో. వంతెన కింద."

"చెమ్మ ఉన్నచోట."

"అవును."

"నీళ్లు తాగిన బొంగు ఇది. పైకి చూస్తే పెళ్లికొడుకులా ఉంటుంది. నిప్పు ముందు నిలబెడితే మోకాళ్లు వణుకుతాయి. అచ్చం గాస్పార్ లాగా."

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?" అన్నాడు గాస్పార్.

"పైగా నాలుగు నెలలు కూడా ఎండలేదు. కనీసం ఒక ఏడు ఎండాలి. నిప్పు మీద పెట్టేదాకా లోపల పచ్చిదనం దాచిపెట్టుకుంటుంది ఇది."

బదారా ఇసుక చూస్తూ నిలబడ్డాడు. పోయేది ఎలాగూ పోయింది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"మరి మీరు ఎక్కడ కోస్తారు?"

అని, తల దించుకున్నాడు.

ఫ్రాస్కీతో చేతిలో పుల్లను ఇసుకలో పారేశాడు. "పాత ఇటుకబట్టీ గోడ వెనక" అన్నాడు.

"ఏ ఇటుకబట్టీ?"

"ఎన్నున్నాయి మనకు? బస్సు ఆగుతుందే, అది. బస్సులో కూర్చుంటే కిటికీలోంచి కనిపిస్తుంది. రోజూ ఆ బస్సులోనే కదరా వస్తావు! పొడి గట్టు, రాళ్ల నేల, రెండు వైపులా గాలి కొడుతుంది. బొంగు సన్నగా, పాలిపోయి, చూడ్డానికి దిక్కులేనిదానిలా ఉంటుంది. దాన్ని కోయాలి."

"అది అందరికీ తెలుసు" అన్నాడు గాస్పార్. "మా మనవరాలికి కూడా తెలుసు."

బదారా ముఖం రంగు మారింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?" ముసలాయన గొంతు పెరిగింది. "ఎనిమిదేళ్లు! నా కుక్క పేరు అడిగావు, నా భార్య ఏ జబ్బుతో పోయిందో అడిగావు. బొంగు సంగతి ఒక్కనాడైనా అడిగావా? అడగనివాడికి చెప్పడమంటే పని మెడకు కట్టడమే. మావాడికి అలాగే చెప్పాను, వాడు టాక్సీ కొనుక్కున్నాడు. నువ్వు అడగకపోతే ఏమనుకోవాలి? వీడు ఇక్కడ ఉండేవాడు కాదు, ఏదో ఒక రోజు సంచీ సర్దుకుంటాడు అనుకున్నాను."

"మా దగ్గర గురువును అడగకూడదు. అడిగితే సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నట్టు."

"మా దగ్గర అడగకపోతే అక్కర్లేదన్నట్టు."

గాస్పార్ బీరు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఒకే తొట్టి దగ్గర రెండు గాడిదలు. ముందు తమరు తాగండి అంటే, కాదు తమరే తాగండి అనుకుంటూ ఎండిపోయాయి."

ఫ్రాస్కీతో అతని మాట పట్టించుకోలేదు. "నా మంచం కింద రెండు మోపులున్నాయి. ఈ వేసవికొకటి, పై వేసవికొకటి. ఏడాదిగా ఎండుతున్నాయి."

"రేమే అక్కకు ఎందుకు చెప్పలేదు?"

"స్టీలు కొన్న మనిషికి నేను బొంగు అమ్ముకోవాలా? ఆమె అడిగిందా?"

బదారా అక్కడ ఇంకొక్క నిమిషం కూడా నిలబడలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను."

"మాట మాటే బదారా. ఆదివారం అయిపోయింది."

"అయిపోయింది. పడవ చేమాదే. కానీ వచ్చే ఆదివారం ఒక కొస నాకివ్వండి. ఈ కొసన చువ్వలు, ఆ కొసన పుల్లలు. అడుగుతున్నాను."

రేమే చేతిలో గిన్నె ఆగింది. ఈ మనిషి ఇంతకుముందు ఏదైనా అడిగాడా అని ఆలోచించింది కాబోలు. "ఒక్క కొస. ఒక్క ఆదివారం" అంది.

మంచం కింది బొంగులు బూడిదరంగులో, వేళ్లతో కొడితే ఎముకల్లా మోగాయి. బదారా వాటిని పూరీ చిత్రికతో చెక్కాడు. ఫ్రాస్కీతో పక్కన కూర్చుని, ఇక్కడ మందం ఉంచు, కణుపు తియ్యకు అంటూ ఉన్నాడు. బదారా అడుగుతూనే ఉన్నాడు. కణుపు ఎందుకు తియ్యకూడదు? ఎంతసేపు తడపాలి? ఉప్పునీళ్లా, మంచినీళ్లా? పొద్దుగూకేసరికి ముసలాయన, "నువ్వు నోరు మూసుకున్న ఎనిమిదేళ్లూ నాకిప్పుడు బాగున్నాయనిపిస్తోంది" అన్నాడు.

ఆదివారం పుల్లలు నిలబడ్డాయి. చివరి కొసలు కాస్త నల్లబడ్డాయి, అంతే. అవతలి కొసన చేమా గుడ్డ చుట్టుకుని చువ్వలు తిప్పుతూ, రెండు సార్లు వేళ్లు కాల్చుకుని తిట్టుకున్నాడు. రద్దీ కాస్త తగ్గాక రేమే వచ్చింది. నిలబడే చేమా కాల్చిన చేప ఒకటి తింది. తోలు చువ్వకు అంటుకుపోతే గోటితో పీకింది. బదారా కాల్చింది ఒకటి తింది. కండ ముల్లునుంచి వేళ్లలోకి దానంతటదే వచ్చింది. ఆమె నాలుగు వేళ్లూ నాకి, నడుముకు కట్టుకున్న వంటగుడ్డకు తుడుచుకుని, "చేమా, లోపల పానీయాల దగ్గర ఎవరూ లేరు, కాస్త చూడు" అంది.

చేమా సంతోషంగానే వెళ్లాడు. స్టీలు చువ్వల పెట్టె వంటింట్లో అటక ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంటారు.

మళ్లీ జనవరి వచ్చి, వెన్నెల తరగడం మొదలయ్యాక ఇద్దరూ బస్సెక్కి ఇటుకబట్టీ దగ్గర దిగారు. ఫ్రాస్కీతో బస్సు ఆగేచోటి బల్ల మీద కూర్చుని ఎడంచేతి కర్రతో చూపిస్తున్నాడు. గోడ వెనక గట్టు మీద రెల్లు పల్చగా, గాలికి గరగరలాడుతూ ఉంది.

"ఇదా?"

"కాదు. దాని వెనకది."

"ఇదా?"

"ఆ, అది. ఒరేయ్, అన్నీ నన్ను అడక్కు. కొన్ని కోసి చూసుకో."

బస్సులు వచ్చి ఆగి వెళ్తున్నాయి. లోపలివాళ్లు తలతిప్పి చూశారు. ఒకరిద్దరు ముసలాయనకు చెయ్యి ఊపారు. మధ్యాహ్నానికి రెండు మోపులయ్యాయి. బదారా వాటికి తాడు బిగించి భుజానికెత్తుకున్నాడు.

"మీ ఇంటికే కదా?"

"మా ఇంటికెందుకు?" ఫ్రాస్కీతో కర్ర మీద ఆనుకుని లేచాడు. "ఇవి పై వేసవికి గానీ పనికిరావు. అంతదాకా ఎండాలి. నీ మంచం కింద పెట్టుకో."

బస్సు డ్రైవరు మోపుల్ని చూసి, అంత పొడుగువి లోపలికి ఎక్కనివ్వనన్నాడు. ఇద్దరూ ఒడ్డు వెంబడి నడిచి వచ్చారు.