చెలిమె నీళ్లు

నేను కిరాయికుండే ఇంటి వెనక మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. దాని మోటార్ల రొదకు ఎంత అలవాటు పడ్డానంటే, ఆగితే తప్ప అది గుర్తుకు రాదు. మొన్న ఎండాకాలం మిర్యాలగూడ పోయి ఉదయాన తిరిగొచ్చేసరికి అది ఆగి ఉంది.

ఆ ఊళ్లోనే రైసుమిల్లులో పనిచేసే రోజుల్లో, పొద్దుగూకాక గ్రంథాలయంలో కూర్చుని చదివాను: మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి కావాలి. ఆ మోటార్లు పంపేది ఆ గాలే. అది అందకపోతే అవి చస్తాయి, మురుగు మురుగుగానే బయటపడుతుంది. పదో తరగతి దాటని నేను ఈ సంగతి ఎంతమందికి గొప్పగా చెప్పానో! ఆ ఉదయం మాత్రం, తెలియకపోయినా బాగుండేదనిపించింది.

ఆ నీళ్లు కలిసే వాగు పెన్‌పహాడ్ వైపు పోతుంది. మా బావ గొర్రెలు కాసేది ఆ వాగు పక్కనే. ఇసుకలో గుంట తోడి, అందులో ఊరిన చెలిమె నీళ్లు రోజూ బిందెతో ఇంటికి పంపుతాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అక్క అవే తాగుతుంది. అక్క అప్పుడు నిండు నెలల మనిషి.

గేటు దగ్గర కావలి మనిషిని అడిగాను.

"మొన్ననే కాలింది మోటరు. కోదాడ నుంచి మెకానిక్ రావాలె."

"మరి మురుగు?"

"వాగులకే ఇడిసిన్రు. ఊరోళ్లను దొడ్డికి పోవుడు బంద్ చేయమని సాటింపు ఏద్దామా?"

బావ ఫోన్ కలవలేదు. బండేసుకుని వాగు దగ్గరికి పోయాను. వాగు ఒడ్డున నల్లటి నురగ పేరుకుంది. బావ చెలిమె పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"బావా, ఈ నీళ్లు తాగొద్దు!"

"ఏందిరో లైబ్రరీ, గట్ల ఉరికొస్తున్నవ్? పెద్ద పొట్టేలుకు తాపినంకనే బిందె నింపిన. గుటగుట తాగింది."

చెలిమె తోడగానే మొదటి నీళ్లు మందలోని పెద్ద పొట్టేలుకు పెట్టడం వాళ్ల తాతలనాటి పద్ధతి. అది మూతి తిప్పుకుంటే గుంట పూడ్చేస్తారు.

"బిందె ఏది?"

"పొద్దుగాలనే ఇంటికి పోయింది."

ఇంట్లో అడుగు పెట్టగానే అక్క చెంబు తెచ్చిచ్చింది. "జర నీళ్లు తాగురా, మొఖమంత ఎండింది."

చెంబు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. రోగం తెచ్చేది కంటికి కనబడదని పుస్తకం చెప్పింది.

"నువ్వు తాగినవా అక్కా?"

"తాగకుంటె నీకిస్తనా?"

"వాగుల మురుగు కలిసింది" అంటూ బిందె ఎత్తి వాకిట్లో గుమ్మరించాను.

"అయ్యో! గంత దూరంకెల్లి తెచ్చిన నీళ్లురా! నీ సదువు మమ్ముల గొంతు తడుపుకోనియ్యదా?"

అరుగు మీదే కూర్చున్నాను. ఆమె కడుపు మీద చెయ్యి వేసినప్పుడల్లా లేచి దగ్గరికి పోయాను. "నొస్తుందా?" అంటే నవ్వింది. "లోపటోడు తంతుండురా, గంతే."

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. ఈసారి లైబ్రరీ అనలేదు.

"బామ్మర్దీ, పొట్టేలు మేత ముడ్తలేదు. పండుకుంది, లేస్తలేదు. మీ అక్కను సూడు."

అక్కకూ వినబడింది. నవ్వు ఆగిపోయింది. "బండి తియ్యిరా, దవాఖానకు పోదాం" అంది.

వెనక కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకుంది. దారి పొడవునా "తంతుండా?" అని అడుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ కడుపు తడిమి చూసుకున్నాకే "తంతుండు" అంది.