పదకొండు కుప్పలు

విత్తన పరీక్షా క్షేత్రంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన కొలబద్ద. ఇరవై ఆరేళ్ళుగా మడి పొడవు, మొక్క ఎత్తు, కంకి బరువు కొలుస్తూ వచ్చినవాడికి అంతకంటే తగిన పేరేముంటుంది? "నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ఈయన మొహం చూడలేదు, ఎత్తు చూశారు" అని భార్య ఎగతాళి చేసేది.

ఏటా పన్నెండు రకాల వరి పన్నెండు మడుల్లో వేస్తారు. మడికి నంబరే గానీ పేరుండదు. ఏ నంబరు ఏ రకమో రాసిన కాగితం ఆఫీసరు బీరువాలో ఉంటుంది. కోత రోజున ముందుగా ప్రతి మడి చుట్టూ రెండేసి అంచు వరుసలు కోసి, విడిగా కుప్ప పెట్టాలి. పన్నెండు మడులకు పన్నెండు కుప్పలు. మిగిలిన నడిమి పంటే తూకానికి వెళ్ళాలి.

ఇప్పటి ఆఫీసరు పదేళ్ళ కిందట కొత్తగా చేరినప్పుడు ఇది చూసి నోరు తెరిచాడు. "ఇంత బాగా పండిన వరుసల్ని పక్కన పడేస్తారేంటి బాబాయ్?"

"గట్టు పక్క మొక్కకి గాలీ వెలుతురూ ఎక్కువ బాబూ. దాన్ని చూసి పొలమంతా అలాగే పండుతుందంటే రైతు మునిగిపోతాడు."

కుర్రాడు బుద్ధిమంతుడు, పాఠం బాగా వంటబట్టించుకున్నాడు. ఎంత బాగానో కొలబద్దకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడు భార్య కంటి ఆపరేషనూ కోతా ఒకే రోజున పడ్డాయి. కొలబద్ద ఎటూ తేల్చుకోలేక తల పట్టుకుంటే ఆఫీసరే దగ్గరికొచ్చాడు.

"కోత కోయించడం నాకు నేర్పింది మీరే కదా. మీరు పిన్నిగారి పక్కన ఉండండి బాబాయ్. ఇక్కడంతా నేను చూసుకుంటాను."

పైగా తన కారు పంపాడు. కడుపున పుట్టినవాడైనా ఇంత చేస్తాడా అనుకుని కొలబద్ద కళ్ళు తుడుచుకున్నాడు.

మూడో రోజు వచ్చేసరికి నూర్పిడి అయిపోయింది, తూకం అయిపోయింది, రిజిస్టరు బల్లమీద తెరిచి ఉంది. 'నా ఎదుట తూచినది' అన్న మాట కింద ఆయన సంతకానికి చోటు వదిలారు. కాటా ముల్లు చూడకుండా ఆయన ఏనాడూ సంతకం పెట్టి ఎరగడు. కలం పట్టుకుని అలవాటుకొద్దీ కిటికీలోంచి కుప్పలు లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. ఒకటి పశువులు తినేసి ఉంటాయిలే అనుకున్నాడు. కారు పంపిన మనిషిని కుప్ప ఏదని అడగడానికి నోరు రాలేదు. సంతకం పెట్టేశాడు.

నెల తిరక్కుండా ఫలితాల పుస్తకం కొలబద్ద సంతకంతో సహా అచ్చయింది. ఏడో నంబరుది మొదటి స్థానం. అది ఆఫీసరు సొంతంగా తయారుచేసిన రకమట! పేపర్లో అతని ఫొటో పడితే, కొలబద్ద తన కొడుకే పరీక్షలో నెగ్గినట్టు పొంగిపోయి దాన్ని అందరికీ చూపించాడు. ఊళ్ళో సేద్యం చేసుకునే కొలబద్ద సొంత అన్న, ఆ పుస్తకం పట్టుకుని తమ్ముడి ఇంటికొచ్చాడు.

"ఏడో నంబరు వెయ్యమంటావా?"

"నిశ్చింతగా వెయ్యి అన్నయ్యా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు పెద్దలు. తరాలుగా దాచుకుంటున్న పాత విత్తనాన్ని ఆ ఏడు బియ్యం మరకు పంపేసి, ఉన్న నాలుగెకరాల్లోనూ అన్న ఏడో నంబరే వేశాడు. కోతల ముందు కబురొస్తే కొలబద్ద వెళ్ళాడు. గట్టు మీద నుంచి చూస్తే కంకులు బరువుగా వంగి ఉన్నాయి. రెండడుగులు లోపలికి వేసి ఒక కంకి నలిపాడు. తాలు. ఇంకో చోట నలిపాడు. అక్కడా తాలే. గట్టు పక్కన మాత్రమే గింజ ఉంది.

పన్నెండో కుప్ప ఎటు పోయిందో అప్పుడు తెలిసింది. ఏడో నంబరు అంచు వరుసలు నడిమి పంటతో కలిసి కాటా ఎక్కాయి. ఏ వరుసలు ఎందుకు పనికిరావో నేర్పింది తనే. తడిగుడ్డతో గొంతు కోశాడు వెధవ! కోపం, అంతకుమించి సిగ్గు, ఆయన్ని నిలువునా దహించాయి.

ఆ కాళ్ళతోనే ఆఫీసుకు వెళ్ళాడు. "ఏడో మడి అంచు కుప్ప ఏమైంది బాబూ?"

ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తాడు. అతని మొహంలో ఒక్క క్షణం రంగు మారింది. తర్వాత ఎప్పటిలాగే నవ్వాడు. "పిన్నిగారి చూపు ఎలా ఉంది బాబాయ్?"

కొలబద్ద పాత రిజిస్టరు అందుకుని, తన సంతకం పక్కన 'ఈ తూకం నేను చూడలేదు' అని రాసి బయటికొచ్చాడు. పుస్తకాలు అప్పటికే ఊరూరా చేరిపోయాయి.

అన్నకు జరిగిందంతా చెప్పాడు. "వాడు నన్ను మోసం చేశాడు అన్నయ్యా."

అన్న తాలు కంకి ఒకటి పీకి పారేశాడు. "వాడెవడో నాకేం తెలుసురా? నేను నమ్మింది నీ సంతకాన్ని."

వారం తర్వాత అన్న పాత విత్తనం కోసం పొరుగు రైతు దగ్గరికి బయల్దేరితే కొలబద్ద కూడా వెంట వెళ్ళాడు. అన్న దోసెడు గింజలు తీసుకున్నాడు, ఒకటి కొరికి చూశాడు. "ఇది మంచిదేనంటావా?" అని అడిగాడు, పొరుగు రైతుని. కొలబద్ద పక్కనే నిలబడి ఉన్నాడు.