సుధను చూసి ఇచ్చినవాళ్ళు

సుధ ఇర్వింగ్ ఊరికి వచ్చిన కొత్తలో ఆమెకు తెలిసిన అమెరికా అంతా అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి కనబడే హైవే ఒక్కటే. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పిన మనిషి. ఇక్కడ ఆమె వీసా మీద జీతం వచ్చే పని ఏదీ చేయకూడదు. భర్త కిరణ్‌కుమార్ రోజూ లాస్ కొలీనాస్‌లోని ఒక బ్యాంకు ఆఫీసుకే వెళ్ళేవాడు గానీ, అతని అసలు ఉద్యోగం శ్యామ్‌సుందర్ గారి చిన్న కన్సల్టెన్సీలో. కిరణ్ వీసా ఆయన కంపెనీ పేరు మీదే ఉంది. గ్రీన్‌కార్డుకి కాగితాలు వేయాల్సిందీ ఆయనే. ఆ కాగితాలు ముందుకు కదిలితేనే సుధకి పని చేసుకునే పర్మిట్ వస్తుంది. కదలకపోతే, ఆ వీసా గడువు ఆరేళ్ళే కాబట్టి, ఆరో ఏడు నిండగానే ముగ్గురూ సామాను సర్దుకోవాలి. మూడో మనిషి కూతురు అనిక. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. తెనాలి అంటే ఇప్పుడు దానికి ఫోన్లో కనబడే అమ్మమ్మ ముఖం, అంతే.

శ్యామ్‌సుందర్ గారికి కంపెనీతో పాటు ఒక సేవాసంస్థ కూడా ఉంది. దాని పేరు 'పందిరి'. మాస్టర్స్ చదవడానికి వచ్చి కష్టాల్లో పడిన తెలుగు పిల్లల్ని ఆదుకోవడం దాని పని. కంపెనీ పిక్నిక్‌లో ఆయన సుధను చూసి, "అమ్మా సుధా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్? మాకు డబ్బులిచ్చేవాళ్ళు దొరుకుతారు గానీ టైమ్ ఇచ్చేవాళ్ళు దొరకట్లేదు తల్లీ," అన్నారు.

ఆ మాట సుధ మనసుకి ఎంత చల్లగా తగిలిందో కిరణ్‌కి కూడా తెలియదు. తన దగ్గర ఉన్నది టైమ్ ఒక్కటే. అడిగినవాళ్ళు లేక అది అలా పడి ఉంది. డ్రైవింగ్ నేర్చుకుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి పిల్లల్ని తీసుకొచ్చేది, జ్వరం వస్తే చారూ అన్నం పట్టుకెళ్ళేది, ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది అర్థంకాక బిక్కమొహం వేసినవాళ్ళ పక్కన కూర్చునేది. పందిరి వాళ్ళిచ్చిన నీలం టీషర్ట్ వేసుకుని ఇండియన్ గ్రోసరీ స్టోర్‌కి వెళ్తే నలుగురు పలకరించేవారు. అయిదేళ్ళలో ఆమె సంపాదించుకున్న ఊరు అదే.

దేదీప్య సంగతి అక్కడే మొదలైంది. కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి. యూనివర్సిటీ దగ్గర రోడ్డు దాటుతుంటే ఒక కారు గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. మోకాలు నుజ్జయింది. ఇన్సూరెన్స్ కొంత కట్టింది, మిగతాది ఆ పిల్ల నెత్తిన పడింది. సర్జరీ అయ్యాక ఫిజికల్ థెరపీకి తీసుకెళ్ళే పని సుధ తీసుకుంది.

పందిరి తరఫున విరాళాలకు ఒక ఫ్లయర్ తయారైంది. వీల్‌చైర్లో దేదీప్య, దాన్ని నెడుతూ నీలం టీషర్ట్‌లో సుధ. దానితోపాటు వాట్సాప్ గ్రూపుల్లో వేయడానికి సుధ గొంతుతో చిన్న సందేశం కావాలన్నారు శ్యామ్‌సుందర్ గారు. సుధ కార్లోనే కూర్చుని రికార్డ్ చేసి పంపింది. "నేను రోజూ దగ్గరుండి చూస్తున్నానండీ. మీరిచ్చే ప్రతి డాలరూ ఈ అమ్మాయి కాలు నిలబెట్టడానికే."

ఎవరూ ఆమె చేత ఆ మాట అనిపించలేదు. తనే అంది.

మామూలుగా విరాళమంటే ముఖం చిట్లించేవాళ్ళు కూడా ఈసారి ఇచ్చారు. "ఎటు పోతాయో తెలీదని మేం ఎవరికీ ఇవ్వం సుధా, నువ్వున్నావ్ కాబట్టి ఇస్తున్నాం," అని ఫోన్లు చేసి మరీ చెప్పారు. పక్క బ్లాకులో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న రాధారాణి గారైతే, గుంటూరులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ, తన పెన్షన్‌లోంచి మిగిల్చింది ఇచ్చారు. "అమ్మాయ్, సంస్థలూ గింస్థలూ నాకు తెలీదు. నీ మాట మీద ఇస్తున్నా," అన్నారు.

వసంతం దాటి ఎండలు ముదిరాయి. ఒకరోజు థెరపీ నుంచి తిరిగి వస్తుంటే దేదీప్య ఫోన్ మోగింది. ఆమె చూసి పక్కన పెట్టేసింది. మళ్ళీ మోగింది.

"ఎవరే? ఎత్తు," అంది సుధ.

"కలెక్షన్స్ వాళ్ళక్కా, హాస్పిటల్ బాకీ వసూల్ జేసేటోళ్ళు. రోజూ చేస్తుండ్రు."

"కలెక్షన్స్ ఏంటి? పందిరి వాళ్ళు కట్టారు కదా?"

దేదీప్య కిటికీ వైపు తిరిగింది. "నేను గూడ గట్లనే అనుకున్న. హాస్పిటల్‌కి ఫోన్ జేసి అడిగిన. ఒక్క డాలర్ గూడ రాలేదంట. నిన్నడుగుదామనుకున్న అక్కా, మళ్ళ నువ్వేమనుకుంటవో అని ఊకున్న. నువ్వు ఇంత జేస్తున్నవ్, నిన్ను పైసల గురించి ఎట్లడుగుత?"

దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయిందని సుధ చాలాసేపటికి గాని గమనించలేదు.

మర్నాడు ఆమె శ్యామ్‌సుందర్ గారి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన లేచి వచ్చి కుర్చీ జరిపి, తనే టీ కలిపి ఇచ్చారు. సుధ నసుగుతూ అడిగింది. ఆయన దాచలేదు.

"ఆ డబ్బెక్కడికీ పోలేదమ్మా. విరాళాల కోసం పెద్ద విందు పెడుతున్నాం కదా, ఆ గాలాకి హాల్ అడ్వాన్స్ కట్టాం, పాటల వాళ్ళకి కట్టాం, సౌండ్ వాళ్ళకి కట్టాం. గాలాలో దానికి ఎన్నో రెట్లు వస్తుంది. అప్పుడు దేదీప్య ఒక్కతే కాదు, ఇంకా ఎంతోమందికి కట్టొచ్చు."

"కానీ అన్నయ్యగారూ, మనం ఆ అమ్మాయి పేరు చెప్పి అడిగాం. నేనే అడిగాను."

"పేరు చెప్పకపోతే ఎవరిస్తారు తల్లీ? జనం ముఖం చూసే ఇస్తారు. సంస్థ అవసరాలకి వాడొచ్చని ఫ్లయర్ కింద ఉంది చూడు, లాయర్ రాసిచ్చిందే. నేను ఇందులోంచి కాఫీ ఖర్చు కూడా తీసుకోలేదు. కావాలంటే అడుగు ఎవర్నైనా."

అది నిజమేనని సుధకి తెలుసు. ఆ మనిషి దొంగ కాదు. దొంగైతే ఎంత తేలికయ్యేది! సొంత డబ్బు కూడా అందులో పోసే మనిషి ఆయన. నడిచే సంస్థకి హంగు ఉండాలని, హంగు ఉంటే డబ్బదే వస్తుందని మనసారా నమ్మారు.

ఆమె లేస్తుంటే గుమ్మం దాకా వచ్చారు. "నీ మంచి మనసుతో నీ పని నువ్వు చేసుకుపో. డబ్బు గొడవ మాకొదిలెయ్. ఆఁ, కిరణ్ గ్రీన్‌కార్డ్ ఫైల్ ఈ నెల లాయర్‌కి పంపిద్దామనుకుంటున్నా. ఆరో ఏడు దగ్గరికొచ్చింది కదా, లేట్ అయితే ఇబ్బంది."

కార్లో కూర్చున్నాక కూడా సుధకి తేలలేదు, ఆయన అన్నది మర్యాదా, బెదిరింపా? ఆయన ముఖంలో రెండోదాని జాడే లేదు. కానీ ఆ మాట ఆమె లోపలికి దిగి కూర్చుంది.

ఇంట్లో కిరణ్ అంతా విని, తింటున్న కంచం పక్కకి జరిపాడు.

"నువ్వు ఆయన్ని అడిగావా? డైరెక్ట్‌గా?"

"అడగొద్దా?"

"సుధా, ఆ గ్రీన్‌కార్డ్ ఫైల్ కదలకపోతే మనం ఏమవుతామో తెలుసా నీకు? వేరే కంపెనీకి మారదామన్నా టైమ్ లేదు. అనిక స్కూల్ మధ్యలో..." అని ఆగాడు. "నీకు కావాల్సింది సేవే కదా. చెయ్. ఎవరొద్దన్నారు? ఎవరి డబ్బు ఎటు పోతే నీకెందుకు?"

"నా గొంతు విని ఇచ్చారు కిరణ్."

"అయితే మానెయ్. ఒంట్లో బాగోలేదని చెప్పి మెల్లగా తప్పుకో."

మానేసి చూసింది. నడుం నొప్పని చెప్పి వారం ఇంట్లో కూర్చుంది. సుధ బదులు వెళ్ళడానికి పందిరిలో ఎవరూ దొరకలేదు. దేదీప్య థెరపీ ఆగిపోయింది. వారం తరువాత సుధ ఉండబట్టలేక వెళ్ళేసరికి ఆ అమ్మాయి మోకాలు వంచలేక ఏడుస్తోంది. "నీ నడుం తగ్గిందా అక్కా?" అనడిగింది ముందు. సుధ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది. తను వెళ్తే కాలు వంగుతుంది. తను వెళ్తే ఫోటో కూడా పడుతుంది. ఆ ఫోటో చూసి ఇంకొకరు జేబులో చెయ్యి పెడతారు. ఒకటి కావాలంటే రెండోదీ చేయాలి, రెండోది ఆపాలంటే మొదటిదీ వదలాలి. టీషర్ట్ వేసుకోవడం మానేస్తే, ఎవరో పాత ఫోటోనే కొత్త ఫ్లయర్ మీద వేశారు. "అమ్మా, నువ్వు మళ్ళీ వచ్చావ్ ఫ్లయర్‌లో, సో కూల్," అంది అనిక. రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ సుధ కుళాయి కట్టేయడం మరిచిపోయి నిలబడేది.

గాలాలో ఆమెకి ఉత్తమ వాలంటీర్ అవార్డు ప్రకటించారు. వద్దంటే కిరణ్, "రాకపోతే ఆయనకేం చెప్పను?" అన్నాడు. పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. హోటల్ హాలు నిండా గుండ్రటి టేబుళ్ళు, ప్రతి టేబుల్ మీదా పూలు. దేదీప్య కర్రల సాయంతో నడుస్తుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మూడో టేబుల్ దగ్గర రాధారాణి గారు ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చున్నారు. షీల్డ్ చేతికిచ్చి, విరాళాల పిలుపుకి ముందు నాలుగు మాటలు చెప్పమని శ్యామ్‌సుందర్ గారు మైకిచ్చారు.

ఏం చెప్పాలో సుధ వారం రోజులుగా అనుకుంటూనే ఉంది.

"నేను చేసింది కారు నడపడం. అంతవరకే నాకు తెలుసు. మీరిచ్చిన డబ్బు ఎటు వెళ్తుందో నేను చూడలేదు. చూస్తున్నానని ఒకసారి చెప్పాను, అది తప్పు. దయచేసి నన్ను చూసి ఎవరూ డబ్బివ్వకండి."

కిరణ్ కుర్చీలోంచి సగం లేచాడు. అప్పుడు శ్యామ్‌సుందర్ గారు మైకు అందుకుని, చెమ్మగిల్లిన కళ్ళతో, "చూశారా! క్రెడిట్ కూడా తీసుకోదు మా సుధమ్మ. తనను చూడొద్దట, దేదీప్యను చూసి ఇవ్వమంటోంది. ఇలాంటి వాలంటీర్లున్న సంస్థకి మీరేం చేస్తారో చెప్పండి!" అన్నారు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఒకాయన అక్కడికక్కడే లేచి పెద్ద మొత్తం ప్రకటించాడు. వెనకాలే ఇంకొకాయన. సుధ షీల్డ్ పట్టుకుని స్టేజి మీదే నిలబడిపోయింది. దిగడానికి మెట్లు ఎటున్నాయో ఆమెకి కనబడలేదు.

భోజనాల దగ్గర రాధారాణి గారు ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు.

"అమ్మాయ్, నువ్వు అన్నది వినయంతో కాదు కదా?"

కిరణ్ రెండడుగుల దూరంలో ప్లేటుతో నిలబడి ఉన్నాడు. సుధ తల దించుకుంది. ఆవిడకి అది చాలింది. బ్యాగు జిప్పు మూసి, "ఆ పిల్లని తీసుకెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించుకో," అన్నారు.

అలా ముగ్గురూ వెళ్ళడం మొదలైంది. ఒకరోజు థెరపీ గదిలో, ఆస్పత్రి లెక్కలు చూసే ఆఫీసు కింది అంతస్తులోనే ఉందని ఒక నర్సు చెప్పింది. ఆదాయం లేనివాళ్ళకి ఆస్పత్రే బిల్లు తగ్గిస్తుందని, అడిగితేనే చేస్తారని కూడా చెప్పింది. ఇన్నాళ్ళూ అందరూ చందాల వైపే చూశారు గానీ ఆ గుమ్మం తొక్కలేదు. రాధారాణి గారు పక్కన కూర్చుని ధైర్యం చెబుతుంటే, దేదీప్య తన ఇంగ్లీషులో తనే మాట్లాడింది. నాలుగైదుసార్లు తిప్పారు. కాగితాలు చాలవన్నారు, మళ్ళీ రమ్మన్నారు. తిరగడానికి కావాల్సింది టైమూ కారూ. ఆ రెండూ సుధ దగ్గర ఉన్నాయి. చివరికి బిల్లులో చాలా భాగం మాఫీ చేశారు. కలెక్షన్స్ ఫోన్లు ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నం దేదీప్య పార్కింగ్ లాట్‌లో సుధను వాటేసుకుని, "ఇగ నిద్రబోత అక్కా," అంది.

నెల తిరక్కుండానే పందిరి కొత్త ఫ్లయర్ వచ్చింది. 'మీ విరాళాలతో దేదీప్య అప్పు తీరింది' అని పైన పెద్ద అక్షరాలు. కింద సుధ ఫోటో.

ఆమె శ్యామ్‌సుందర్ గారికి ఫోన్ చేసి అది నిజం కాదంది. "మన వాలంటీరే చేసిందిగా తల్లీ, అంటే మనం చేసినట్టే," అన్నారాయన, అంతే ఆప్యాయంగా. కిరణ్ ఫైల్ అప్పటికే లాయర్ దగ్గరికి వెళ్ళింది. జవాబు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అంతవరకూ ఆ కంపెనీ దాటే దారి లేదు. రాధారాణి గారు ఇండియా వెళ్ళిపోతూ, "నా డబ్బు గురించి బాధపడకు. అది పోతే పోయింది. నువ్వు పోకుండా చూసుకో," అన్నారు. ఆ మాటకి సుధ కార్లో ఒంటరిగా చాలాసేపు ఏడ్చింది.

మొన్న పందిరి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. శ్రేయాస్ అనే కుర్రాడు, ఒంగోలు వాడట, అపెండిసైటిస్‌తో ఆస్పత్రిలో ఒక్కడే ఉన్నాడు. సుధ ఏ ఆస్పత్రో అడిగి కారు తీసింది. వెళ్ళి కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. కొంచెం తేరుకున్నాక వాడు, "ఆంటీ, పందిరి వాళ్ళు బిల్ కడతారంట కదా?" అనడిగాడు.

సుధ తలుపు వైపు చూసింది. ఫోటో తీయడానికి వచ్చిన పందిరి కుర్రాడు ఇంకా వరండాలోనే ఉన్నాడు.

"వాళ్ళ సంగతి నాకు తెలీదు నాన్నా. నాకు తెలిసింది చెప్తాను, విను," అని గొంతు తగ్గించి, ఆస్పత్రి లెక్కల ఆఫీసు ఏ అంతస్తులో ఉంటుందో కనుక్కోవడం నుంచి మొదలుపెట్టింది.