నలుగురిలో చేరనిది

ఇక స్టీరింగ్ ముందు కూర్చోనని నరేందర్ నడుము మొరాయిస్తోంది. ఐటీ ఉద్యోగులను ఇళ్లకు దింపే క్యాబ్ కంపెనీలో ఆయన డ్రైవరు. అక్కడే, ఎవరిని ఏ బండి ఎక్కించాలో చూసే డెస్కు దగ్గర కుర్చీ ఒకటి ఖాళీ అయింది. అది దక్కాలంటే రీజనింగ్ పరీక్ష పాసవ్వాలి. లెక్కలంటే బెదరడు. జంట పదాల్లో చేరనిదాన్ని పట్టుకోమంటేనే ఆయన బండి ఆగిపోయేది.

పాఠం చెప్పే పని హరిత తలకెత్తుకుంది. అనంతపురం పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నార్సింగిలో హాస్టల్. నరేందర్ ఇల్లూ అక్కడే. ఆయన బండి తిరిగేదేమో తెల్లాపూర్ వైపు. అయినా అడిగి మరీ అదే బండి ఎక్కేది. తెల్లాపూర్ వాళ్లు ముగ్గురూ దిగాక, నార్సింగికి వచ్చే చుట్టుదారిలో చదువు మొదలయ్యేది.

"టీచరు–బడి, డాక్టరు–దవాఖాన, రైతు–పొలం, డ్రైవరు–పెట్రోలు బంకు. చేరనిది ఏదన్నా?"

రైతు–పొలం అన్నాడు నరేందర్. నార్సింగిలో పొలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయట, రైతులు కిరాయిలు వసూలు చేసుకుంటున్నారట. మరి బంకు సంగతేమిటని అడిగితే, బండికి గ్యాసు కోసం సగం పొద్దు అక్కడే లైన్లో ఉంటాం, అంతకంటే పనిచోటు ఏముంటుందన్నాడు.

"నీ సంగతి ఎవరడిగినారన్నా? మాటకీ మాటకీ ఉండే సంబంధం చూడాల."

"గదే చాతనైతలేదు మేడం. అన్నిట్ల నేనే దూరుతున్న."

పరీక్షలో మాత్రం ప్రతి ప్రశ్న దగ్గరా ముందు తనను తాను బండి దింపేసి, ఆ తర్వాతే చదివాడు. పాసయ్యాడు.

మొదటి రోజు కుర్చీలో మెత్త వేసుకుని, దొరలా ఆనుకుని, సాయంత్రం బండ్లు సర్దాడు. కాసేపటికి గేటు దగ్గరినుంచి హరిత ఫోను.

"అన్నా, ఈ బండిలో నలుగురం ఉండాం. ముగ్గురు తెల్లాపూర్, ఒకరు నార్సింగి. చేరనిది ఎవరో చెప్పు."

నరేందర్ కంప్యూటర్ తెర వంక చూశాడు. హరిత పేరును తనే తెల్లాపూర్ బండిలో వేశాడు. పాఠం అయిపోయింది, చుట్టుదారి అలవాటు మాత్రం తనతోపాటు కుర్చీ ఎక్కి కూర్చుంది. జవాబు ఈసారి వెంటనే తట్టింది.

"మీరే మేడం. జర దిగున్రి, ఇంకో బండి పంపుత."

నార్సింగి వైపు బండ్లన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. డెస్కు సారు నడుం పట్టుకుని లేచి, గోడకు వేలాడుతున్న పాత బండి తాళాలు అందుకున్నాడు.