ఖాళీగా ఉండాల్సిన గడి

దయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక ఎవరైనా నన్ను నమ్మేవాళ్ల జాబితాలో వేస్తే ఒప్పుకోను. ముప్పై ఒక్క ఏళ్లు కార్ల బ్రేకులు పరీక్షించినవాణ్ణి. కారణం లేకుండా ఏదీ ఆగదు, ఏదీ కదలదు. ఇప్పటికీ అదే అంటాను.

కాలేజీలో చేరిన ఏడాది నుంచి రోజుకో పేజీ డైరీ రాస్తున్నాను. అమెరికాలో, ట్రాయ్ ఊళ్లో, మా ఇంటి బేస్‌మెంట్‌లో యాభై రెండు డైరీలున్నాయి. రిటైరయ్యాక రెండేళ్లు కూర్చుని, ప్రతి పేజీలోని మొదటి వాక్యాన్నీ కంప్యూటర్‌లో ఒక ఫైల్లోకి ఎక్కించాను.

జనవరిలో ఒకసారి హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి ఇరవై మైళ్లు ముందుకెళ్లాను. ఆ సంగతి సన్నీవేల్‌లో ఉన్న మా అమ్మాయి శిరీషకు నేనే చెప్పాను. చెప్పడం నా పొరపాటు. అప్పటినుంచి ఆమెది ఒకటే పాట: నాన్నకు మతిమరుపు వస్తోంది, కారు అమ్మేయాలి. ఒంటరిగా ఉంటున్నవాణ్ణి. ట్రాయ్‌లో కారు లేకపోతే పాలు కూడా ఇంటికి రావు. సాఫ్ట్‌వేర్ ఆమె వృత్తి కాబట్టి ఆ విద్యతోనే జవాబు చెబుదామనుకున్నాను. డైరీలను ఫోన్‌లో చూసుకునే యాప్ ఒకటి, ఎవరి సాయం లేకుండా చేస్తాను, చేస్తే కారు మాట ఎత్తకూడదు అన్నాను. సరేనంది. మే నెలలో వచ్చి చూస్తానంది.

యాప్ క్యాలెండర్‌లా ఉంటుంది. వరసకు ఏడు గళ్లు, రోజుకో గడి. ఫోన్ ఇచ్చే మామూలు గడి నాకు సరిపోలేదు. పైన తేదీ, మూలన వాతావరణం, కింద డైరీ వాక్యం ఉండాలి. అందుకని గడిని సొంతంగా కట్టుకున్నాను. అది ఫైల్లో ఉన్నదాన్ని చూపిస్తుందంతే. యాప్‌లో టైప్ చేసే వీలే పెట్టలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. వేల రోజులున్నా ఫోన్ వేల గళ్లు తయారు చేయదు. తెర మీద పట్టేన్ని చేసి, పైకి జారిపోయిన గడినే కింద మళ్లీ వాడుకుంటుంది. వాడేముందు పాత రాత తుడవకపోతే ఒక రోజు మాట ఇంకో రోజులో కనిపిస్తుంది. మొదట్లో నేనూ తుడవలేదు. మా పెళ్లిరోజు గడిలో కారు ఆయిల్ మార్పించిన సంగతి వచ్చింది. సరిచేశాను. ఎప్పుడు సరిచేశానో డైరీలో ఉంది: శిరీష రావడానికి పన్నెండు రోజుల ముందు.

అన్ని డైరీల్లోనూ ఒక్క పేజీయే ఖాళీ. పద్దెనిమిదేళ్ల కిందటి ఒక మంగళవారం. ఆ రోజు గుండెపోటుతో మూర్తి పోయాడు. నాతో పనిచేసినవాడు, ఈ దేశంలో నాకు డ్రైవింగ్ నేర్పినవాడు. ఆస్పత్రి నుంచి వచ్చి పెన్ను పట్టుకున్నాను గానీ రాయలేకపోయాను. కారు ఎక్కేముందు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ వంగి చూడటం మూర్తికి అలవాటు. మంచు పడుతున్నా మానేవాడు కాదు. దానికి ప్రదక్షిణ అని పేరు పెట్టాడు. అతను పోయాక కొన్నాళ్లు నేనూ చేసి, మానేశాను.

శిరీష రావాల్సిన శనివారం అది. విమానం పదకొండింటికి దిగుతుంది, నేనే కారులో వెళ్లి తీసుకురావాలి. తొమ్మిదింబావుకి కాఫీ తాగుతూ, ఆఖరిసారి చూద్దామని యాప్ తెరిచాను. ఆ మంగళవారం గడి బూడిద రంగులో ఖాళీగా ఉండాలి. అందులో నల్లగా రెండు మాటలున్నాయి.

ప్రదక్షిణ చేశావా?

పాత రాత మిగిలిందనుకున్నాను. తప్పు కనిపిస్తే ముందు ఫొటో తీయడం ల్యాబ్ నాటి అలవాటు. స్క్రీన్‌షాట్ తీశాను. కిందికి పోయి మళ్లీ పైకొచ్చేసరికి గడి ఖాళీ.

గరాజ్‌లోకి వెళ్లాను. భయపడి కాదు. అడిగిన ప్రశ్నకు జవాబు ఉండాలి కాబట్టి వెళ్లాను. ఎడమ వెనక టైరుకు లోపలివైపు, నిలబడితే కనిపించని చోట, నిమ్మకాయంత ఉబ్బు ఉంది.

శిరీషను క్యాబ్‌లో రమ్మన్నాను. టైరు మార్చడానికి ఇంటికొచ్చిన మెకానిక్ ఆ ఉబ్బు నొక్కి చూసి, దీంతో హైవే ఎక్కి ఉంటే ఎయిర్‌పోర్ట్ చేరేవారు కాదన్నాడు.

డ్రైవ్ చేయడానికి జంకి సాకు చెప్పానని శిరీష అనుకుంది. దిగుతూనే ముఖంలో తెలిసింది. పాత టైరు చూపించాను. తర్వాత స్క్రీన్‌షాట్ చూపించాను.

"ఇది జస్ట్ రీయూజ్ బగ్, నాన్నా. గడి క్లియర్ చెయ్యలేదు మీరు."

"చేశాను. కోడ్ చూడు."

చూసింది. తప్పు లేదు. వేరే రోజు మాటైతే ఫైల్లో ఎక్కడో ఉండాలి కదా అన్నాను. వెతికింది. ప్రదక్షిణ అన్నది నాలుగు చోట్ల దొరికింది, నాలుగూ గుడికి వెళ్లిన రోజులే. చేశావా అన్నది ఎక్కడా లేదు. ఫైలు చివరిసారి మార్చింది గురువారం.

"మీరే టైప్ చేసి, తీసేసి, మర్చిపోయారేమో," అంది మెల్లగా.

"శనివారం ఫైలు ముట్టుకోలేదు. అంతకుముందు తీసేసి ఉంటే శనివారం ఎలా కనిపిస్తుంది?"

"అయితే ఎవరు చేశారు? మూర్తి అంకులా?"

ఇరుక్కున్నాను. టైప్ చేసి మరిచానంటే చిక్కు తేలిపోతుంది, కారు పోతుంది. మూర్తి అంటే కారుతోపాటు మతి కూడా పోయిందంటారు. రెండూ అననన్నాను. బ్రేకు ఎందుకు పట్టలేదో అంతుచిక్కనప్పుడు రిపోర్టులో కారణం తెలియలేదని రాసి సంతకం పెట్టేవాళ్లం. అబద్ధపు కారణం రాయడం సిగ్గుచేటు గానీ ఇది కాదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. శిరీష టేబుల్ మీది కారు తాళాలు చాలాసేపు చూసింది. తీసుకోలేదు.

ఆదివారం ఆమెను ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి బయలుదేరాం. సూట్‌కేస్ డిక్కీలో పెట్టి, ఏమీ అనకుండా కారు చుట్టూ తిరిగింది. ఒక్కో టైరు దగ్గర వంగి లోపలివైపు కూడా చూసింది. వచ్చి నా పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

ఆ గడిని ఇప్పటికీ రోజూ తెరిచి చూస్తున్నాను. ఖాళీగానే ఉంటోంది. నా శనివారం పేజీలో చివరి రెండు వాక్యాలు ఇవి: కారణం తెలియలేదు. టైప్ చేసింది నేను కాదు.