మందమర్రిలో ఎత్తు చౌరస్తా

మందమర్రిలో బస్సు దిగి రోడ్డు దాటబోయాను. అక్కడ చౌరస్తా మొత్తాన్ని ఫుట్‌పాత్ అంత ఎత్తుకు లేపారు. దూరంగా బొగ్గు లారీ ఒకటి వస్తుంటే, మా కాకినాడ అలవాటు కొద్దీ చెయ్యి అడ్డంగా చాపి నిలబడిపోయాను.

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "చెయ్యెందుకు బిడ్డా? గీ ఎత్తు ఎక్కాల్నంటే బండి మెల్లగ కావాల్సిందే. నడువు."

ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడట. "బాయిల ఒక్కటే రూలు. మనుషులు నడుస్తుంటే పట్టాల మీది బొగ్గు టబ్బులు కదలొద్దు. లోపల నిమ్మళంగ నడిచెటోన్ని. డ్యూటీ దిగి పైకొచ్చి గీ రోడ్డు దాటాల్నంటెనే భయమయ్యేది."

గని అంటే లోపలే భయమనుకునేదాన్ని నేను. ఈయన భయమంతా పైనే ఉండేదన్నమాట.

"మరి ఇప్పుడో?" అన్నాను.

"బాయి రూలు పైకొచ్చింది బిడ్డా."

లారీ చౌరస్తా అంచున నెమ్మదించి ఆగింది. ఆయన అటు చూడకుండానే నడిచాడు. నేనూ వెనకే బయల్దేరాను. సగం దాటాక గమనించాను, నా చెయ్యి ఇంకా చాపే ఉంది. దించేశాను.